గుప్పెడు మాత్రలు

ఆ దాళ్వాకి మా ఇంట్లో మందుల పెత్తనం మామయ్య చేతికి వచ్చింది. మా పుట్టింటి వైపు, దేవసూగూరులో, రెండో పంటని యాసంగి అంటాం. బాళగనూరు దగ్గర కాలవ కింద స్థిరపడిన మా అత్తింటి కోస్తా వాళ్ళు దాళ్వా అంటారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా నోట యాసంగి అనే వస్తుంది, వాళ్ళు నవ్వుతూనే ఉంటారు. పేరేదైనా కానీ, ఆ నాట్ల నుంచి కోతల దాకా జరిగింది నాకిప్పటికీ మరుపు రాదు.

మొదలైంది చిన్న విషయంతోనే. మొదటి పంట ధాన్యం కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో టార్పాలిన్ అంచు కాలికి తగులుకుని మా అత్తమ్మ లక్ష్మీతిరుపతమ్మ పడింది. కుడి మణికట్టు విరిగింది. సింధనూరులో ఎముకల డాక్టరు కట్టు వేసి, ఎముకలు గుల్లబారాయనీ రక్తం కూడా తక్కువగా ఉందనీ చెప్పి కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు రాశాడు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు కూడా. బీపీకి, షుగరుకి, గ్యాసుకి అని చెప్పారు మామయ్య. థైరాయిడ్ మాత్ర సంగతి చెప్పలేదు.

దాచాలని కాదు. ఎప్పుడో గొంతు దగ్గర గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి అత్తమ్మకి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. అప్పటి నుంచి ఆమె పొద్దున లేవగానే మొహం కడుక్కుని, గ్లాసుడు మంచినీళ్ళతో ఓ చిన్న మాత్ర మింగి, ఆ తర్వాతే వాకిలి ఊడ్చేది. ఇంట్లో ఎవరం దాన్ని మందు కింద లెక్కేయడం మానేశాం. పళ్ళపొడి వాడుతున్నామని డాక్టరుకి ఎవరైనా చెప్తారా?

కుడిచేతికి కట్టు ఉన్న మనిషి మాత్రల అట్ట చింపుకోలేదు. అందుకని మామయ్య ముందుకొచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకి మంచినీళ్ళ గ్లాసయినా అందించి ఎరగని మనిషి, ఇక నుంచి నీ మందులు నేను చూసుకుంటానని ప్రకటించేశారు. రోజూ ఇడ్లీ తినడం అయ్యాక అన్ని మాత్రలూ విప్పి అరచేతిలో పోసుకుని, ఇంట్లో గేదె పాలు చిక్కగా కాచిన గ్లాసు ఇంకో చేత్తో పట్టుకుని ఆమె ముందు నిలబడేవారు. అత్తమ్మ మొదటిరోజు మెల్లగా అంది, ఆ చిన్న మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోమన్నారని. అప్పుడు ఆ ఒక్కటే కదా, ఇప్పుడిన్ని ఉన్నాయి, ఖాళీ కడుపున వేస్తే మనిషి తట్టుకోవద్దూ అన్నారాయన. అత్తమ్మ ఆ పాలతోనే మింగేసింది. నిజం చెప్పాలంటే ఆమె మురిసిపోయింది. వంటింట్లోకి వచ్చి, చూశావా మీ మామయ్య వేషాలు అని నాతో అంటూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మామయ్య చెన్నకేశవరావు గారంటే చుట్టుపక్కల క్యాంపులన్నిటిలో పేరు. కోస్తా నుంచి కర్ణాటక వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. వరికి ఏ రోగం వచ్చినా, ఏ ఎరువు ఎప్పుడు వేయాలో తెలియకపోయినా మా అరుగు మీదికే వస్తారు. నాట్లు వేసిన కొన్నాళ్ళకి పక్క పొలం వెంకోబరావు తుప్పురంగు మచ్చలు పడిన ఆకులు పట్టుకుని వచ్చాడు. మామయ్య ఆ ఆకు వేళ్ళ మధ్య నలిపి, ఏమేం వేశావని అడిగారు. నాట్ల ముందు దమ్ము చేసేటప్పుడు డీఏపీతో పాటు జింకు కూడా కలిపి చల్లేశానని చెప్పాడు అతను.

మామయ్యకి కోపం వచ్చింది. "ఎక్కడన్నా జింకూ డీఏపీ కలిపి చల్లుతారటయ్యా? రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుని మట్టిలోనే కూర్చుంటాయి. బస్తాలు బస్తాలు వేశానని నువ్వనుకుంటావు, మొక్క నోటికి మాత్రం ఏమీ అందదు. మధ్యలో ఎడం ఇవ్వాలి."

నేను టీ కప్పులు పెట్టి వస్తూ ఆ మాట విన్నాను. వరండాలో కుర్చీలో కూర్చున్న అత్తమ్మ కూడా వింది. వెంకోబరావు తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరికల్లా అత్తమ్మ మొహం నిండుగా అయింది. క్యాంపులో ఆడవాళ్ళు చూసి, కోడలు కూర్చోబెట్టి పెడుతోంది, ఒళ్ళు చేసిందన్నారు. నేనూ కాస్త పొంగిపోయాను. తర్వాత గొంతు మారింది. మగగొంతులాగా బొంగురుగా వచ్చేది, అదీ పదం పదానికీ మధ్య ఖాళీ వదిలి. పడిశం అనుకుని మిరియాల పాలు ఇచ్చాం. కట్టు విప్పాక కూడా ఆమె చెయ్యి చీపురు మీదికి వెళ్ళలేదు. పొద్దున పన్నెండు పనులు చక్కబెట్టే మనిషి, కూర్చున్నచోటే నిద్రపోవడం మొదలుపెట్టింది.

మా ఇంట్లో కన్నడం ధారాళంగా వచ్చేది అత్తమ్మకే. మామయ్యకి ఈ నేల మీద జుట్టు నెరిసింది గానీ కన్నడం ముక్క రాదు. కలుపుకి కూలీలని మాట్లాడటం, వాళ్ళతో పరాచికాలాడి పని చేయించడం అంతా ఆమే చూసేది. కలుపు రోజుల్లో మేస్త్రీ పంపన్న వచ్చి, ఎంతమంది ఆడవాళ్ళు కావాలమ్మా అని ఎప్పటిలాగే అడిగాడు. అత్తమ్మ అతని వంక చూసింది. పెదాలు కదిలాయి. పంపన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామయ్య విసుగు పట్టలేక వేళ్ళు చూపించి లెక్క తేల్చేశారు. వెళ్ళేటప్పుడు పంపన్న నా దగ్గర ఆగి, "అమ్మవ్రిగె ఏనాగిదె?" అన్నాడు. అమ్మగారికి ఏమైందో నాకు మాత్రం తెలుసా? వయసు అన్నాను.

మార్చిలో రాయచూరు జిల్లా ఎండలెలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి ఎండలో ఒక మధ్యాహ్నం అత్తమ్మ మా ఆయన లోకనాథ్ స్వెట్టర్ వేసుకుని వాకిట్లో ఎండకి ఎదురుగా కూర్చుని ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టి మా అమ్మకి ఫోన్ చేశాను.

"గింత ఎండల చలేందే భవానీ?" అంది అమ్మ. "మీ నాయనమ్మకు గూడ గిట్లనే అయింది. బుర్రల ఏదో కదిలినట్టుంది. జర డాక్టరుకు చూపెట్టుండ్రి."

చూపించాం. సింధనూరులోనే ఇంకో డాక్టరు. ఆయన మొహం చూడగానే, థైరాయిడ్ ఏమైనా ఉందా అని సరిగ్గానే అడిగాడు. మామయ్య ఛాతీ విరుచుకుని, ఆ మాత్ర ఒక్కరోజు కూడా తప్పకుండా నేనే నా చేత్తో వేస్తున్నానండీ, షుగరు కూడా చూడండి ఎంత కంట్రోల్లో ఉందో అని మిషన్లో నంబర్లు చూపించారు. నిజమే, షుగరు వారం వారానికీ దిగుతూ వస్తోంది. క్యాంపులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుని మురిశారాయన. అన్నీ సరిగ్గానే ఉన్నాయంటే ఇది మతిమరుపు జబ్బు అయి ఉంటుంది, ఈ వయసులో మొదలవుతుంది, వెనక్కి రావడం అంటూ ఉండదు అన్నాడు డాక్టరు. రక్తపరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు.

మతిమరుపు అన్న ఆ ఒక్క మాటతో ఇల్లంతా మారిపోయింది. ముందు ఆమెని అడిగి చేసేవాళ్ళం, తర్వాత ఆమెకి చెప్పి చేసేవాళ్ళం, ఆ తర్వాత ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నాం. చుట్టాలు వచ్చి మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని, పాపం ఎలాంటి మనిషి ఎలా అయిపోయిందని కాఫీలు తాగి వెళ్ళేవాళ్ళు. మేం కూరేం వండాలో అడిగినా ఆమె కళ్ళెత్తి చూసి, అలాగే ఉండిపోయేది. అంతసేపు ఎవరు ఆగుతారు? వంకాయ అనుకుని వెళ్ళిపోయేదాన్ని.

మామయ్య మాత్రం మందులు ఆపలేదు. ఆయన శ్రద్ధ ఇంకా పెరిగింది. ఆమె చెయ్యెత్తకపోతే తనే నోట్లో ఒక్కొక్కటీ పెట్టి, పాలు పట్టించి, గడ్డం తుడిచేవారు. ఒకసారి నేను చూస్తుండగా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆయన మీద గౌరవం అప్పుడు పెరిగినంతగా ఇంకెప్పుడూ పెరగలేదు.

కోతలు వచ్చాయి. కోత మిషన్ దొరకడమే కష్టమైన ఏడాది అది, దొరికిన రోజున ఇంట్లో అందరూ పొలంలోనే ఉన్నారు. మధ్యాహ్నం నేను పెరుగన్నం కలుపుకుని అత్తమ్మ గదిలోకి వెళ్ళాను. పక్కకి తిరిగి పడుకుని ఉంది. రెండుసార్లు పిలిచాను. భుజం పట్టుకుని కదిపాను. ఆ చెయ్యి కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. బయట రాళ్ళు పేలే ఎండ, ఆ గదిలో ఫ్యాన్ కూడా తిరగడం లేదు, ఆ మనిషి ఒళ్ళు చల్లగా ఉంది.

చనిపోయిందనుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగిలింది, చాలా ఆగి ఆగి. మామయ్య చేసేది చూసి నేర్చుకున్నదే కదా అని షుగరు మిషన్ తీసి వేలు గుచ్చాను. అంకె రాలేదు, బాగా పడిపోయిందని చెప్పే అక్షరాలు వచ్చాయి. వేలికి చక్కెర తడిపి దవడ లోపల రుద్ది, చెప్పులు కూడా లేకుండా గట్టు మీదికి పరిగెత్తాను. కోత మిషన్ మోతలో నా అరుపు ఎవరికీ వినపడలేదు. చున్నీ తీసి ఊపుతుంటే పంపన్న చూసి అందరినీ కేకేశాడు. సగం కోసిన మడి అతనికి వదిలేసి కారులో రాయచూరు బయల్దేరాం. అత్తమ్మ తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. మామయ్య ముందు సీట్లో మందుల సంచీ గుండెలకి అదుముకుని కూర్చున్నారు.

రాయచూరు ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మకి తెలుగు వచ్చు. సెలైనులో గ్లూకోజు ఎక్కించి, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందనీ ఒంటి వేడి థర్మామీటరుకి కూడా అందడం లేదనీ చెప్పి లోపలికి తీసుకెళ్ళిపోయారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, గొంతు మీద ఆపరేషన్ గుర్తు ఉంది, థైరాయిడ్ మాత్ర ఎప్పుడు మానేశారని అడిగింది.

మామయ్యకి అవమానంగా అనిపించింది. ఒక్కరోజు కూడా మానలేదమ్మా, నా చేత్తో వేశాను అన్నారు. ఆమె వాదించలేదు. రక్తపరీక్ష కాగితం వచ్చాక మళ్ళీ పిలిచింది. గ్రంథి లేని మనిషి నెలల తరబడి మాత్ర ముట్టుకోకపోతే ఎలా ఉంటుందో ఈ నంబర్లు అలా ఉన్నాయంది. మీరు వేశానంటున్నారు కాబట్టి, ఎలా వేసేవారో ఒక్కసారి నాకు చూపించండి అంది.

మామయ్య సంచీ విప్పారు. రోజూ చేసినట్టే ఒక్కో అట్ట చింపి మాత్రలన్నీ అరచేతిలో పోసుకున్నారు. ఇడ్లీ తిన్నాక, చిక్కటి పాలతో, అన్నీ కలిపి ఒకేసారి వేసేవాడినని చెప్పి చెయ్యి చాపారు. డాక్టరమ్మ ఆ చేతిలోకి చూసింది. పెన్ను కొనతో చిన్న మాత్రని పక్కకి జరిపింది. తర్వాత తెల్లటి పెద్దదాన్ని, ఎర్రదాన్ని జరిపింది.

"ఈ చిన్నది ఖాళీ కడుపున నీళ్ళతో ఒక్కటే వేయాలండి. కాల్షియం, ఐరన్ పక్కనుంటే, దానికి తోడు పాలు కూడా అయితే, కడుపులోనే ఇవి దాన్ని..."

"పట్టేసుకుంటాయి," అన్నారు మామయ్య.

ఆయన గొంతు నేనే గుర్తుపట్టలేనట్టుగా ఉంది. డాక్టరమ్మ తల ఊపింది. అవును, పట్టేసుకుంటాయి, ఒంటికి అందదు, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, ఇది మీకు ముందే తెలుసా అని అడిగింది.

"జింకూ డీఏపీ," అన్నారాయన.

ఆమెకి అర్థం కాలేదు. లోకనాథ్ వంక చూసింది. లోకనాథ్ గోడకి చేరగిలబడి నేల చూపులు చూస్తున్నాడు. షుగరు తగ్గడం కూడా మంచికి కాదని డాక్టరమ్మ చెబుతోంది. థైరాయిడ్ అందక ఒళ్ళు మందగిస్తే పాత మోతాదు షుగరు మందే ఎక్కువైపోతుందట. మేం మురిసిన ప్రతి నంబరూ అత్తమ్మ ప్రాణం తోడుతున్న నంబరేనన్నమాట. మామయ్య చెయ్యి అలాగే చాచి ఉంది. నర్సు వచ్చి ఆ మాత్రలు తీసి ట్రేలో పెట్టుకునే దాకా ఆయన ఆ చెయ్యి దించలేదు.

అత్తమ్మ బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. ముసలి గుండె, ఒక్కసారిగా మందు ఎక్కువిస్తే తట్టుకోలేదు, తక్కువిస్తే లేవలేదు, మెల్లమెల్లగా చూడాలన్నారు. మామయ్య ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నారు. కాఫీ ఇస్తే తాగారు, అన్నం పెడితే తిన్నారు. ధాన్యం ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. ఒకసారి మాత్రం నన్ను పిలిచి, తను చెప్పిందమ్మా పరగడుపునని, నువ్వూ విన్నావా అన్నారు. విన్నానన్నాను.

అత్తమ్మ బతికింది. ముందు కళ్ళు తెరిచింది, తర్వాత ఒంటికి వేడొచ్చింది. ఇంటికి తెచ్చాక వారం వారానికీ మొహం వాపు తీసి, మా పాత అత్తమ్మ కొంచెం కొంచెంగా బయటపడింది. బొంగురు పోయి గొంతు మామూలైంది. ఒకరోజు పొద్దున చీపురు చప్పుడు వినిపించి నేను పక్కలోంచి లేచి కూర్చున్నాను. మతిమరుపు జబ్బు అన్నారే, అదేమైందో ఎవరికీ తెలియదు. అసలది రాలేదు మరి. చిన్న మాత్ర తెల్లవారగానే ఆమే వేసుకుంటుంది, కాల్షియం మధ్యాహ్నం, ఐరన్ రాత్రి. మామయ్య ఆ సంచీ వైపు కూడా వెళ్ళరు. వానాకాలం నార్లు పోసే వేళకి వెంకోబరావు ఎరువుల సంగతి అడగడానికి వస్తే, వ్యవసాయ ఆఫీసులో కనుక్కోవయ్యా, నాకేం తెలుసు అని పంపించేశారు.

ఆ రోజు సాయంత్రమే, ముసురు పట్టి ఉంది, అందరం వరండాలో కూర్చుని ఉన్నాం. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. లోకనాథ్ ఫోన్ చూసుకుంటున్నాడు. అత్తమ్మ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, ఓ మాట చెప్పనా అండీ అంది మామయ్యతో. ఆమె గొంతులో కోపం ఏమీ లేదు. పాలు విరిగాయని చెప్పే గొంతు.

"నేను మంచంలో ఉన్నప్పుడు, ఒకరోజు మీరూ అబ్బాయీ నా పక్కనే కూర్చుని మాట్లాడుకున్నారు. క్యాంపు శ్మశానంలోనా, మన పొలం గట్టు మీదా, నన్నెక్కడ దహనం చేయాలా అని."

లోకనాథ్ చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంది. నాకు ఈ సంగతే తెలియదు. మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"విన్నావా?" అన్నారు.

"అన్నీ విన్నానండి. ఎవరొచ్చి ఏమన్నదీ అన్నీ వినపడేవి. మాట కూడదీసుకునేసరికి చాలాసేపు పట్టేది. నోటి దాకా వచ్చేసరికి ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు."

ఆ రోజుల్లో ఆ మంచం చుట్టూ కాఫీలు తాగిన వాళ్ళందరూ ఒక్కొక్కరే నా కళ్ళ ముందు కూర్చున్నారు. మనిషి లోపలే ఉంది. మొత్తం మనిషి, పూర్తి తెలివితో, ఆ వాచిన మొహం వెనక ఉంది, మేం ఆమె కళ్ళలోకి చూస్తూ ఆమె లేదనుకున్నాం. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

మామయ్య చాలా కష్టం మీద అడిగారు. "ఆ రోజు... ఏం చెబుదామనుకున్నావు?"

"ఏముందండీ," అంది అత్తమ్మ. "చలేస్తోంది, దుప్పటి కప్పండని."

మామయ్య ఏదో అనబోయారు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. లోకనాథ్ లేవబోతే అత్తమ్మ చేత్తో ఆపి కూర్చోబెట్టింది. ఆమె మామయ్య వైపు తిరిగి, ఆయన మొహంలోకి చూస్తూ, ఎంతసేపైనా సరే ఆగుతానన్నట్టు కూర్చుంది.